తిరిగి రావడానికి సరిపడా

మూడేళ్ళ కింద సంక్రాంతికి బెంగళూరు నుంచి గిద్దలూరు పోతున్నాం. కార్లో నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప, ముందు సీట్లో మా నాయన. కంటి ఆపరేషన్ కోసం వచ్చి నెల రోజులు మా దగ్గరే ఉన్నాడు. ఆయన్ని ఊళ్ళో దింపి, పండగ చేసుకుని రావాలని బయల్దేరాం. నంద్యాల చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అప్పుడే పెట్రోలు లైటు వెలిగింది. ఇంకా 70 కిలోమీటర్లు పోవచ్చని డాష్‌బోర్డ్ చెప్తోంది. ఇంటికి 60 చిల్లర.

బంకు రోడ్డుకి అటు పక్కనుంది. డివైడర్ చివరిదాకా పోయి యూటర్న్ తీసుకోవాలి. నాలుగైదు లారీలు లైన్లో ఉన్నాయి. వెనక పాప నిద్రపోతోంది.

"పోయించుకోరా, ఘాట్ ఉంది," అన్నాడు నాయన.

"సరిపోతుందిలే నాయనా, డెబ్బై చూపిస్తోంది."

ఆయన ఇంకేం అనలేదు. మా నాయన ముప్పయ్యేళ్ళు లారీ తోలాడు. మార్కాపురం పలకల లోడుతో ఈ ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో ఆయనకే తెలీదు. నా చిన్నప్పుడు ఇంట్లో తరచూ వినపడిన మాట ఒకటుంది: "మాకు సగం ట్యాంకంటే ఖాళీ ట్యాంకే." అలాంటి మనిషి ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు.

గాజులపల్లె దాటేదాకా అంతా బాగానే ఉంది. ఎక్కుడు మొదలయ్యాక డాష్‌బోర్డ్ మీద అంకె మేం పోయే దూరంతో సంబంధం లేకుండా పడిపోవడం మొదలుపెట్టింది. 41. కాసేపటికి 33. రెండు మలుపులు తిరిగేసరికి 24. నిజానికి అందులో మాయేమీ లేదు. ఆ లెక్క అంతకు ముందు బండి నడిచిన చదును రోడ్డు నుంచి వచ్చింది. ముందున్న కొండ సంగతి దానికి తెలీదు. ఇలాంటి అంచనాలు వేసే ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, ఆ మాత్రం నాకు తట్టాల్సింది. తర్వాత ఒక మలుపులో యాక్సిల్ విరిగిన లారీ అడ్డంగా నిలబడి ఉంది. ముప్పావు గంట ఆగాం. ఫోన్లో సిగ్నల్ లేదు. ఏసీ ఆపేశాను, ఇంజన్ ఆపేశాను. పాప లేచి ఏడ్చింది. నా భార్య ఒక్క మాట మాట్లాడలేదు, అదే ఎక్కువ భయమేసింది.

చివరికి దారి దొరికింది. దిగువమెట్ట దిగాం. గిద్దలూరు మొదట్లో బంకు దగ్గర ఆపినప్పుడు 6 చూపిస్తోంది. "చూశావా, సరిపోయింది," అన్నాను నాయనతో, నవ్వుతూ.

ఈ వ్యాసం ఆ నవ్వు గురించి.

*

ఏమీ కాలేదు కాబట్టి నేను చేసింది తప్పు కాదా? ఆ లారీ ఇంకో గంట కదలకుండా ఉండి, అడవి మధ్యలో చలిలో పాపకి ఏదైనా అయ్యుంటే, అప్పుడు మాత్రమే తప్పా? నేను తీసుకున్న నిర్ణయం రెండు సందర్భాల్లోనూ ఒకటే. తేడా అంతా ఆ విరిగిన యాక్సిల్‌ది.

ఈ చిక్కుకి తత్వశాస్త్రంలో ఒక పేరుంది, నైతిక అదృష్టం అనుకోవచ్చు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు దీని మీద చర్చ మొదలుపెట్టారు. నేగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒక లారీ డ్రైవర్ ఉన్నాడు. బ్రేకులు చూపించుకోవడంలో కాస్త అశ్రద్ధ చేశాడు. ఒకరోజు అడ్డమొచ్చిన పిల్లవాణ్ణి గుద్దేశాడు. అంతే అశ్రద్ధ చేసి, పిల్లవాడు అడ్డం రాని డ్రైవర్లు ఎంతమందో. వాళ్ళు రాత్రి హాయిగా నిద్రపోతారు. తప్పు ఒకటే అయినప్పుడు పాపం వేరెలా అవుతుంది? ఫలితం మన చేతుల్లో లేదని, పని మాత్రమే మనదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటాం. కానీ మనుషుల్ని కొలిచేటప్పుడు మాత్రం అడిగేది ఒకటే: చేరాడా, లేదా?

ఆ రాత్రి తర్వాత నేను విమాన ప్రమాదాల విచారణ నివేదికలు చదవడం మొదలుపెట్టాను. మొదట అది వట్టి కుతూహలం. తర్వాత అర్థమైంది, ఈ ప్రశ్నని బాధ్యతగా, ఏళ్ళ తరబడి, శవాల సాక్షిగా ఆలోచించిన రంగం ఇదేనని.

2016 నవంబర్ 28. బ్రెజిల్‌కి చెందిన షాపెకొయెన్సె ఫుట్‌బాల్ జట్టుని తీసుకుని లామియా అనే చిన్న సంస్థ విమానం బొలీవియా నుంచి కొలంబియాలోని మెడెలీన్‌కి బయల్దేరింది. ఫ్లైట్ ప్లాన్ కాగితంలో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు. ఇంధనం ఎంతసేపటికి ఉందీ అన్న గడిలో కూడా 4 గంటల 22 నిమిషాలే. విమానాశ్రయంలో కాగితాలు చూసే ఉద్యోగి ఇదేంటని అడిగింది కూడా. అయినా ఎగిరారు. గమ్యం దగ్గర పడ్డాక, వేరే విమానం అత్యవసరంగా దిగుతోంది, కాసేపు ఆగమన్నారు. ఆగడానికి చుక్క లేదు. ఉన్న 77 మందిలో 71 మంది పోయారు. విచారణలో తేలిన ఇంకో విషయం ఏంటంటే, ఆ సంస్థ విమానాలు అంతకు ముందు కూడా ఇలా చాలీచాలని ఇంధనంతో ఎగిరాయి. ఎగిరి, చేరాయి. చేరిన ప్రతిసారీ పైలట్‌కి ఒక రుజువు దొరికి ఉంటుంది: "చూశావా, సరిపోయింది."

నేను గిద్దలూరు బంకు దగ్గర నవ్వింది ఆ నవ్వే.

*

చిన్న విమానాలు నడిపేవాళ్ళకి ఒక అలవాటు నేర్పిస్తారు. ఇంధనం చూపించే ముల్లుని నమ్మొద్దు. ఎగిరే ముందు ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి చూడు. మా పక్క పాత డ్రైవర్లు డీజిల్ ట్యాంకులో పుల్ల ముంచి చూసినట్టే. పైగా ట్యాంకు అడుగున కొంత ఇంధనం ఉన్నా ఇంజన్‌కి అందదు. దాన్ని లెక్కలో నుంచి తీసేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది రిజర్వ్. అమెరికా నియమాల ప్రకారం కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే చిన్న విమానం, గమ్యానికి సరిపడా పోగా, పగలైతే ఇంకో 30 నిమిషాలకి, రాత్రైతే 45 నిమిషాలకి సరిపడే ఇంధనం లేకుండా బయల్దేరకూడదు. హెలికాప్టర్‌కి 20 నిమిషాలు. మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు ఏదైనా తేడా వస్తే వాడుకోవడానికి దాచుకున్న ఎక్స్‌ట్రా లాగే అనిపించింది. ఇంట్లో బియ్యం డబ్బాలో దాచిన డబ్బుల్లాగా.

కానీ అంతర్జాతీయ నియమాల్లో రెండు మాటలున్నాయి, వాటితో నా అభిప్రాయం మారింది. ఇంక ఫలానా చోటే దిగాలి, ఏమాత్రం ఆలస్యమైనా రిజర్వ్‌లో చేయి పెట్టాల్సి రావచ్చు అనే పరిస్థితి వస్తే పైలట్ "మినిమమ్ ఫ్యూయల్" అని చెప్పాలి. దిగేసరికి రిజర్వ్ తగ్గిపోయి ఉంటుందని లెక్క తేలితే "మేడే, మేడే, మేడే ఫ్యూయల్" అని ప్రకటించాలి. గమనించండి: ట్యాంకు ఖాళీ అయినప్పుడు కాదు. ఇంకా దాదాపు అరగంటకి సరిపడా ఇంధనం ఉండగానే, ఇంజన్లు చక్కగా తిరుగుతుండగానే, అది ప్రాణాపాయం కింద లెక్క. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదు, వేడి తగలకముందే కేక పెట్టమంటున్నారు.

ఎందుకంటే రిజర్వ్ అనేది ముందుకి పోవడానికి ఉంచిన ఇంధనం కాదు. మనసు మార్చుకోవడానికి ఉంచింది. వెనక్కి తిరగడానికి, ఇంకో చోట దిగడానికి, ఆగి ఆలోచించడానికి. అది అయిపోయాక పైలట్ ఎంత మంచివాడైనా, ఎంత నేర్పరైనా, ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ఎంపికే లేని చోట నీతి గురించి మాట్లాడటానికి కూడా ఏమీ ఉండదు. కాబట్టి తప్పు జరిగేది విమానం కూలినప్పుడు కాదు. అంతకు ముందెప్పుడో, అన్నీ సవ్యంగా ఉన్నట్టు కనిపించే ఒక క్షణంలో. నా విషయంలో అది నంద్యాల డివైడర్ దగ్గర జరిగింది. నేగెల్ చిక్కుముడిని విమానయానం విప్పలేదు గానీ, దాని పక్క నుంచి ఒక దారి వేసుకుంది: చేరావా అని అడగదు, దిగినప్పుడు ఎంత మిగిలింది అని అడుగుతుంది. రిజర్వ్ తినేసి క్షేమంగా దిగిన విమానం కూడా దాని లెక్కలో ఒక ఘటనే.

*

అయితే నియమం తెలిసినంత మాత్రాన నోరు పెగులుతుందా?

1990 జనవరి 25 రాత్రి ఏవియాంకా సంస్థ 52వ నంబరు విమానం కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చింది. వాతావరణం బాగోలేక గంటకి పైగా గాల్లోనే తిప్పారు. మొదటి ప్రయత్నంలో దిగలేకపోయింది. కోపైలట్ రేడియోలో ఇంధనం అయిపోతోందని చెప్పాడు. చెప్పిన తీరు ఎలా ఉందంటే, కంట్రోలర్లకి అది ఆపద అని తట్టలేదు. "ఎమర్జెన్సీ" అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు. విమానం లాంగ్ ఐలండ్‌లో ఇళ్ళ మధ్య ఒక గుట్ట మీద పడింది. మంటలు రాలేదు, మండటానికి ఇంధనం లేదు. ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు.

ఇది చదువుతున్నప్పుడు నాకు తెలుగు మాట ఒకటి గుర్తొచ్చింది: మొహమాటం. దీనికి ఇంగ్లీషులో సరైన మాట లేదని మనం కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదనే సున్నితం అది. పెళ్ళి భోజనాల్లో దాని వల్ల మహా అయితే అజీర్తి చేస్తుంది. కాక్‌పిట్‌లో మనుషులు పోతారు.

మా ఆఫీసుల్లో కూడా ఇది రోజూ చూస్తాను. ఒకసారి అర్ధరాత్రి ఒక రిలీజ్ మధ్యలో అంకెలు తేడాగా కనపడ్డాయి. కాల్‌లో పదకొండు మందిమి. అందరిలోకీ చిన్న అమ్మాయి, చేరి ఆరు నెలలు కూడా కాలేదు, "రోల్‌బ్యాక్ చేస్తే బెటరేమో" అంది. ఆ "ఏమో" విన్నారా? నేను విన్నాను. విని, "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అన్నాను. పది కాస్తా రెండు గంటలైంది. ఆ లోపల పాత వెర్షన్‌కి వెనక్కి పోయే దారి కూడా మూసుకుపోయింది, కొత్త డేటా దాని మీద పడిపోయింది. ఎవరూ చావలేదు, కొందరికి రెండు రోజులు నిద్ర లేదు. మర్నాడు మీటింగ్‌లో ఆ అమ్మాయి ముందే చెప్పిందని నేను చెప్పలేదు. ఆమే చెప్పలేదు కదా అనుకున్నాను. అది మొహమాటం కాదు, పిరికితనం.

*

తెలుగువాళ్ళకి ఆకాశం మీద కొన్ని తేదీలు రాసి ఉన్నాయి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న బెల్ 206 హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావడానికి ఎక్కిన సెస్నా 180, బెంగళూరు జక్కూరు నుంచి ఎగిరిన కాసేపటికే పడిపోయింది. కారణాలు వేరువేరు. మూడోది మా నల్లమలలో జరిగింది.

2009 సెప్టెంబర్ 2న నేను ఇంజనీరింగ్ హాస్టల్‌లో ఉన్నాను. పొద్దున క్లాసులకి పోయి వచ్చేసరికి టీవీ గదిలో కాలు పెట్టే చోటు లేదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కనపడట్లేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "పొద్దున్నించి మబ్బురా, కొండ కనపడట్లా" అంది. ఆ రాత్రి హాస్టల్‌లో ఎవరూ పడుకోలేదు. మర్నాడు ఉదయం వైమానిక దళం హెలికాప్టర్లు మాకు వాయవ్యంగా, కొండకి అవతలి పక్క ఆత్మకూరు వైపు అడవిలో పావురాలగుట్ట మీద శకలాలు చూశాయి. ముఖ్యమంత్రి, ఆయన కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు, ఐదుగురూ లేరు.

రచ్చబండ కార్యక్రమం కోసం చిత్తూరు జిల్లాకి బేగంపేట నుంచి 8 గంటల 38 నిమిషాలకి బయల్దేరారు. 9 గంటల 27 నిమిషాల ప్రాంతంలో అంతా అయిపోయింది. అంటే దాదాపు 50 నిమిషాలు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ కమిటీ నివేదిక గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది చివరి ఆరు నిమిషాలు. ఆ బెల్ 430లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి ఒక హెచ్చరిక కనపడింది. పైలట్లు ఇద్దరూ దానికి ఏం చెయ్యాలో పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయారు. బయట పెద్ద మబ్బు దగ్గరైంది. ఆ మబ్బులో పైనుంచి కిందికి తోసే గాలికి హెలికాప్టర్ అదుపు తప్పింది.

అక్కడ అయిపోయింది ఇంధనం కాదు. అయిపోయింది గమనం. కానీ గమనానికి కూడా ట్యాంకు ఉంటుంది, దానికి ముల్లు ఉండదు. 1978 డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ మీద యునైటెడ్ 173 విమానానికి జరిగింది దీనికి దగ్గరి బంధువు. చక్రాలు సరిగ్గా దిగాయా లేదా అనే అనుమానంతో కెప్టెన్ దాదాపు గంటసేపు ఊరి చుట్టూ తిరిగాడు. ఫ్లైట్ ఇంజనీర్ ఇంధనం తగ్గుతోందని చెబుతూనే ఉన్నాడు, గట్టిగా చెప్పలేకపోయాడు. చక్రాల సంగతి తేలకముందే ఇంజన్లు ఆగిపోయాయి. పదిమంది పోయారు. కాక్‌పిట్‌లో అందరూ మాట్లాడటం, కెప్టెన్ వినడం ఒక విద్యగా నేర్పించడం ఆ ప్రమాదం తర్వాతే ఊపందుకుంది.

ఆ రెండు చోట్లా పైలట్లు సోమరులు కారు. చేతిలో ఉన్న సమస్యని శ్రద్ధగా పరిష్కరిస్తున్నారు. అదే భయపెట్టే సంగతి. చిన్న సమస్యని చిత్తశుద్ధితో చూస్తున్నప్పుడే పెద్దది కనపడకుండా పోతుంది. "ముందు వెనక్కి తిరుగుదాం, దీని సంగతి నేల మీద చూద్దాం" అనడానికి తెలివి కంటే ఎక్కువ ఇంకేదో కావాలి.

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ప్రతి మబ్బుకీ వెనక్కి తిరిగితే పనులెలా అవుతాయి? తుఫానులో నీళ్ళ మధ్య చిక్కుకున్నవాళ్ళకి అన్నం పొట్లాలు వేసే పైలట్ రిస్క్ తీసుకోవట్లేదా? తీసుకుంటాడు. తీసుకోవాలి కూడా. కానీ అతను దేనికోసం ఎంత ఖర్చు పెడుతున్నాడో తెలిసి పెడతాడు. తెలిసి రిజర్వ్‌లో చేయి పెట్టడం వేరు, పెడుతున్నట్టు కూడా తెలియకుండా తాగేయడం వేరు. నేను ఆ రాత్రి దేనికోసం పందెం కాశాను? యూటర్న్‌కి బద్ధకించి. ఐదు నిమిషాల కోసం.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు ఆలస్యంగా అర్థమైంది. నివేదికలు చదువుతూ నేను పైలట్ దగ్గరే ఆగిపోయాను. కానీ వెనక్కి తిరగడం ఎంత ఖరీదో నిర్ణయించేది పైలట్ ఒక్కడే కాదు. కింద ఎదురుచూసేవాళ్ళు, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు, జీతమిచ్చేవాళ్ళు, అందరూ. ఒత్తిడి పెట్టడానికి ఎవరూ నోరు తెరవక్కర్లేదు. షామియానాలు వేసి ఉంటే చాలు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి చూసి మొహం మాడ్చుకునే మనం, వెనక్కి తిరిగి వచ్చినవాణ్ణి ఎప్పుడైనా మెచ్చుకున్నామా? తిరిగొచ్చినవాడు ఏ ప్రమాదాన్ని తప్పించాడో ఎప్పటికీ రుజువు చేసుకోలేడు. జరగనిదానికి సాక్ష్యం ఉండదు. అతనికి మిగిలేది వెటకారమే.

కిందటి ఏడాది నాయనని అడిగాను, ఆ రాత్రి నంద్యాలలో ఒక్కసారే చెప్పి ఎందుకు ఊరుకున్నావని. ఆయన చాలాసేపు వక్క నమిలాడు.

"రెండోసారి చెబితే నీకు కోపమొస్తది గదా," అన్నాడు.

ముప్పయ్యేళ్ళు ఆ ఘాట్‌లో లారీ తోలిన మనిషికి, కొడుకు కార్లో ముందు సీట్లో కూర్చుని నోరు రాలేదు. ఆపరేషన్ ఖర్చు నేను పెట్టాను. కారు నాది. అంతకు ముందు ఆయన చెప్పిన ఎన్ని మాటలకి నేను "మీకు తెలీదులే నాయనా" అన్నానో లెక్కలేదు. ఆయన మౌనాన్ని ఏళ్ళుగా నేనే తయారు చేశాను. నా బండిలో ముందుగా అయిపోయింది పెట్రోలు కాదు.

ఇప్పుడు మా కార్లో ఒక నియమం ఉంది. ఎవరు "ఆపు" అన్నా బండి ఆగుతుంది. ఎందుకని ఆగాకే అడగాలి. పాప దీన్ని ఇప్పటికి నాలుగుసార్లు వాడింది, మూడుసార్లు ఐస్‌క్రీం కోసం. నాలుగోసారి రోడ్డు పక్కన కుక్కపిల్ల కోసం. నాలుగుసార్లూ ఆపాను. నా భార్య నవ్వుతుంది. నాయన మాత్రం ఇంకా వాడలేదు. మొన్న దసరాకి నంద్యాల దాటుతున్నప్పుడు ఆయన డాష్‌బోర్డ్ వైపు వంగి చూశాడు. ముక్కాలు ట్యాంకు ఉంది. ఏమీ అనలేదు. నేనే ఇండికేటర్ వేసి, డివైడర్ చివరిదాకా పోయి, బండి తిప్పాను.